టెక్స్టు ఫైలును తిరగేసి చూడటం: చివరి వరుస ముందు, మొదటి వరుస చివర

ఇది తల్లిదండ్రులకూ పిల్లలకూ కలిపి రాస్తున్నదే.

మన బడి ప్రకటనలన్నీ కంప్యూటరులో ఒకే ఫైలులో ఉంటాయి. జూన్‌లో బడి తెరిచిన రోజునుంచి ఏ కబురు వచ్చినా దాన్ని ఆ ఫైలు అడుగున చేరుస్తూ పోతాం. రాసేవాళ్ళకు అదే సులువు. చదివేవాళ్ళకే కష్టం. ఆ ఫైలును ఉన్నదున్నట్టు ప్రింటు తీసి బోర్డు మీద అంటిస్తే పైన ఎప్పుడో జూన్ నాటి పుస్తకాల కబురు, ఈ వారం సంగతేమో మూడో కాగితం అడుగున. పొద్దున్నే పిల్లవాణ్ణి దింపి పనికి పరుగెత్తే తల్లి మూడో కాగితం దాకా నిలబడి చదువుతుందా? పైన రెండు వరుసలు చూసి ‘పాతవే కదా’ అనుకుని వెళ్ళిపోతుంది. ఉపకారవేతనం దరఖాస్తు గడువు ఒకరిద్దరికి అలాగే దాటిపోబోయింది. తప్పు వాళ్ళది కాదు, మేం అంటించిన తీరుది.

కొత్తది పైన, పాతది కింద రావాలంటే ఫైలులోని వరుసలను తిరగేయాలి. ఇందుకు ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. కంప్యూటరులో టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరిచి ఒక్క మాట టైపు చేస్తే చాలు. అయితే ఆ ఒక్క మాటే కిందటేడు మన బడిలో ఒక పిల్లవాడి పేరు పట్టికలోంచి ఎగరగొట్టింది. అది కూడా చెబుతాను, దాచుకోవడం దేనికి.

ముందు ఒక మాట. కింద ఆజ్ఞలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఆజ్ఞల పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఏ అక్షరాలో ఎప్పటికప్పుడు చెబుతాను. ఫైలు పేరు మాత్రం తెలుగులో ఉన్నా లినక్స్ ఏమీ అనుకోదు. మన ప్రకటనల ఫైలు పేరు అచ్చంగా ‘ప్రకటనలు’ అనే ఉంది. కీబోర్డు భాష మార్చడం విసుగైతే మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ కీ నొక్కండి, ఆ అక్షరంతో మొదలయ్యే ఫైలు అదొక్కటే ఉంటే మిగతా పేరు అదే నింపుకుంటుంది.

లినక్స్ ఎక్కడ దొరుకుతుంది అంటారా? తమిళనాడు ప్రభుత్వం పిల్లలకు ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో కొన్నిటిలో విండోస్ పక్కనే బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. బాస్ అనేది మన దేశంలోనే సీ-డాక్ సంస్థ తయారు చేసినది, డెబియన్ అనే లినక్స్ మీద కట్టినది. మీ ఇంట్లో అక్కదో అన్నదో అలాంటి పాత ల్యాప్‌టాప్ అటక మీద ఉంటే దించండి. ఈ పాఠానికి అది ఎక్కువే.

ఇక ఆజ్ఞ:

టాక్ ప్రకటనలు

టీ, ఏ, సీ అని మూడు అక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత ఫైలు పేరు, ఎంటర్. అంతే, చివరి వరుస మొదట, మొదటి వరుస చివర తెరమీదికి వస్తాయి. ఫైలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, మారదు. తెరమీద చూపే తీరే మారుతుంది.

ఈ పేరు ఎక్కడిదో చెబితే పిల్లలు మరిచిపోరు. ఫైలును ఉన్న వరుసలోనే చూపించే ఆజ్ఞ పేరు క్యాట్: సీ, ఏ, టీ. 1971లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదటి కూర్పు వచ్చినప్పటినుంచీ అది ఉంది. ఆ మూడక్షరాలను వెనకనుంచి చదివితే టాక్. పని తిరగబడింది కాబట్టి పేరునూ తిరగేశారు. లినక్స్‌లో ఉండే ఈ టాక్‌ను జే లెప్రో, డేవిడ్ మెకెంజీ రాశారని దాని వివరణ పుటలోనే ఉంటుంది. ‘మ్యాన్ టాక్’ అని కొడితే ఆ పుట తెరుచుకుంటుంది. మ్యాన్ అంటే ఎమ్, ఏ, ఎన్.

ఇప్పుడు ఇది లోపల ఏం చేస్తుందో చూద్దాం. ఇది తెలియకపోవడం వల్లే నేను దెబ్బతిన్నాను.

కంప్యూటరు దృష్టిలో ఫైలులో వరుసలంటూ లేవు. పొడుగాటి దండలాగా అంకెలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి, అంతే. మనం ఎంటర్ కొట్టిన ప్రతిచోటా ఆ దండలో 10 అనే అంకె పడుతుంది. అదే ‘వరుస ఇక్కడితో అయింది’ అనే గుర్తు. తెర ఆ 10ని చూసి కింది వరుసకు దిగుతుంది. టాక్ ఏం చేస్తుందంటే, ఫైలు చివరికి వెళ్ళి అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తూ ఈ 10లను వెతుకుతుంది. రెండు 10ల మధ్య ఉన్న ముక్కను, దాని చివరి 10తో సహా ఎత్తి బయట పెడుతుంది. మళ్ళీ వెనక్కి. నోటు పుస్తకాల దొంతర గుర్తు తెచ్చుకోండి. మీరు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అయ్యవారి బల్లమీద హోంవర్కు పుస్తకాలు పెడతారు. అయ్యవారు పైనుంచి తీసి ఇస్తారు. ఆఖరున పెట్టినవాడి పుస్తకం ముందొస్తుంది. సరిగ్గా అదే.

తెలుగు ఫైలయితే చెడిపోతుందా అని కొందరు అడిగారు. చెడిపోదు. యూనికోడులో మన ఒక్కొక్క అక్షర సంకేతానికి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడతాయి. ఆ మూడింటిలో ప్రతి ఒక్కటీ 128 లేదా అంతకు మించిన అంకె. అంటే తెలుగు అక్షరం లోపల పొరపాటున కూడా 10 ఉండదు. కాబట్టి టాక్ అక్షరం మధ్యలో ఎప్పుడూ నరకదు. తమిళానికీ కన్నడానికీ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పక్కింట్లో కన్నడం ఉన్న మనకు ఇది చిన్న సంగతి కాదు.

దీన్ని ‘రెవ్’ అనే ఇంకో ఆజ్ఞతో కలిపేసుకోకండి. ఆర్, ఈ, వీ. రెవ్ వరుసల జోలికి పోదు. ప్రతి వరుసలోని అక్షరాలను కుడినుంచి ఎడమకు తిప్పుతుంది. ఇంగ్లీషుకు బాగుంటుంది, తెలుగుకు మాత్రం ప్రమాదం. మన కంప్యూటరు గదిలో ఒకనాడు ‘వికటకవి’ అనే మాట ఇచ్చి చూశాను. ఎటునుంచి చదివినా అదే మాట కదా, తిప్పినా మారకూడదు. కానీ వచ్చింది ‘వకటకివ’ లాంటి వికారం, దాని ముందు ఆధారం లేని గుడి ఒకటి చుక్కల సున్నా మీద వేలాడుతూ. కారణం తేలికే. మనం ‘వి’ని ఒక్క అక్షరంగా చూస్తాం. కంప్యూటరులో అది ‘వ’, దాని వెనక గుడి, రెండు సంకేతాలు. వాటిని విడివిడిగా తిప్పితే గుడి ముందుకొచ్చి పట్టుకోవడానికి హల్లు లేక నిలబడిపోతుంది. మధ్యలో గుడి ‘క’కు అతుక్కుని ‘కి’ అయింది. గుణింతం చెప్పేటప్పుడు మీ తెలుగు అయ్యవారు హల్లు, అచ్చుగుర్తు అని ఎందుకు విడదీసి చెబుతారో పిల్లలకు ఇంతకంటే బాగా చూపించలేం. రెవ్‌ను ఆటకు వాడండి, ప్రకటనలకు వద్దు.

టాక్ ఇచ్చినదాన్ని ప్రింటు తీయాలంటే ఇంకో ఫైలులోకి పంపాలి:

టాక్ ప్రకటనలు > బోర్డు

ఆ బాణం గుర్తు, తెరమీదికి రావాల్సినదాన్ని ‘బోర్డు’ అనే ఫైలులోకి మళ్ళిస్తుంది. ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: బాణానికి రెండు వైపులా ఒకే పేరు పెట్టకండి. ‘టాక్ ప్రకటనలు > ప్రకటనలు’ అని కొడితే ఫైలు ఖాళీ అయిపోతుంది. బాణాన్ని చూడగానే కంప్యూటరు ముందు ఆ ఫైలును తుడిచి సిద్ధం చేస్తుంది, ఆ తర్వాతే టాక్‌ను పిలుస్తుంది. టాక్ వచ్చేసరికి తిరగేయడానికి ఏమీ మిగలదు. అన్నం వడ్డించబోతూ విస్తరితో పాటు గిన్నె కూడా కడిగేసినట్టు. వేరే పేరుతో తీసి, కళ్ళతో చూసుకుని, అప్పుడే పాతదాన్ని మార్చండి.

బోర్డుకు మొత్తం ఫైలు అక్కర్లేదు, చివరి అయిదు వరుసలు చాలు అనుకుంటే:

టెయిల్ -ఎన్ 5 ప్రకటనలు | టాక్

టెయిల్ అంటే తోక: టీ, ఏ, ఐ, ఎల్. ఫైలు అడుగునుంచి అయిదు వరుసలు తీస్తుంది. మధ్యలోని నిలువు గీతను పైపు అంటారు. ఎడమవైపు ఆజ్ఞ ఇచ్చినదాన్ని కుడివైపు ఆజ్ఞకు అందిస్తుంది. టాక్ ఆ అయిదింటినీ తిరగేస్తుంది. నోటీసు బోర్డుకు ఇప్పుడు మేం వాడుతున్నది ఇదే.

ఇప్పుడు పేరు పోయిన కథ.

ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టిన పిల్లల పట్టిక అది. వరుసకు ఒకరు, పేరు, తరగతి. మొత్తం 42 మంది. ఆలస్యంగా ఇచ్చినవాళ్ళ కాగితాలు ముందు సరిచూడాలని, వాళ్ళ పేర్లు పైకి రావడానికి పట్టికను టాక్‌తో తిరగేశాను. ఎన్ని వరుసలో లెక్కపెట్టే ఆజ్ఞ ఒకటుంది, ‘డబ్ల్యూసీ -ఎల్’. దాంతో పాత పట్టికనూ కొత్త పట్టికనూ లెక్కపెట్టాను. రెండింటికీ 41 అని వచ్చింది. రెండు లెక్కలూ కలిశాయి కాబట్టి ఇక భయం లేదనుకున్నాను. 41 ఎందుకొచ్చింది, 42 కదా అని ఆగి ఆలోచించలేదు. ఎవరో ఒకరు వెనక్కి తీసుకుని ఉంటారులే అనుకున్నాను. లెక్కలు చెప్పే మనిషిని, అలా అనుకోకూడదు.

జరిగింది ఏమిటంటే, ఆఖరి పేరు టైపు చేసినవాళ్ళు దాని చివర ఎంటర్ కొట్టలేదు. అంటే ఆ వరుసకు 10 అనే గుర్తు లేదు. చిన్న ఉదాహరణ చూడండి. ఫైలులో మూడు వరుసలు:

మామిడి
పనస
నేరేడు

నేరేడు తర్వాత ఎంటర్ లేదనుకోండి. టాక్ ఇచ్చేది ఇలా ఉంటుంది:

నేరేడుపనస
మామిడి

టాక్ తప్పేమీ చేయలేదు. ప్రతి ముక్కనూ దాని గుర్తుతో సహా ఎత్తి పెట్టింది. నేరేడుకు గుర్తు లేదు కాబట్టి దాని పక్కనే పనస వచ్చి అతుక్కుంది. మన పట్టికలోనూ అదే జరిగింది. ఆఖరి అమ్మాయి వరుస, ఆమెకు ముందున్న అబ్బాయి వరుస కలిసి ఒకటయ్యాయి. దాన్ని చూసి చేత్తో ఫారం నింపినవారు మొదటి పేరు, చివరి తరగతి తీసుకుని ఒక్కరిగా రాశారు. అమ్మాయికి తప్పు తరగతి పడింది. అబ్బాయి పేరే లేకుండా పోయింది.

మరి లెక్క ఎలా సరిపోయింది? డబ్ల్యూసీ లెక్కపెట్టేది వరుసలను కాదు, 10 గుర్తులను. పాత ఫైలులో 42 పేర్లున్నా గుర్తులు 41. తిరగేసినా గుర్తులు అవే 41. రెండుచోట్లా ఒకే తప్పు, అందుకే ఒకదాన్ని ఇంకొకటి పట్టించలేదు. పట్టించింది ఆ అబ్బాయి తల్లి. బోర్డు మీద పట్టిక చూసి, “అయ్యా, మావాడి పేరు లేదే, మేం కాగితాలన్నీ ఇచ్చినాము కదా” అని ఆఫీసుకు వచ్చింది. ఇంకా రెండు రోజుల గడువు ఉండబట్టి సరిదిద్దగలిగాం. ఆమె ఆ రోజు రాకపోతే ఆ పిల్లవాడికి ఆ ఏడాది డబ్బు వచ్చేది కాదు.

ఇది జరక్కుండా చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండుసార్లు తిరగేస్తే మొదటిదే రావాలి కదా:

టాక్ పట్టిక | టాక్ | డిఫ్ పట్టిక -

డిఫ్ అంటే డీ, ఐ, ఎఫ్, ఎఫ్. రెండింటి మధ్య తేడా చూపిస్తుంది. చివరన ఉన్న అడ్డగీత ‘పైపులోంచి వచ్చినదాంతో పోల్చు’ అని చెప్పడం. తెరమీద ఏమీ రాకపోతే ఫైలు బాగున్నట్టే. చివరి ఎంటర్ లేకపోతే మాత్రం రెండు వరుసలు అతుక్కున్నట్టు వెంటనే చూపిస్తుంది. అప్పుడు ఫైలు తెరిచి ఆఖరి వరుస చివర ఎంటర్ కొట్టి దాచండి.

లేదా అసలు ఈ ఇబ్బందే లేని ఇంకో దారి ఉంది. పిల్లలకు నేను ముందుగా నేర్పేది ఇదే:

క్యాట్ -ఎన్ పట్టిక | సార్ట్ -ఎన్ఆర్ | కట్ -ఎఫ్2-

పొడుగ్గా ఉందని భయపడకండి. తరగతిలో చేయించినట్టే మూడు పనులు. క్యాట్ -ఎన్ ప్రతి వరుసకూ ముందు ఒక క్రమసంఖ్య వేస్తుంది. సార్ట్ -ఎన్ఆర్ ఆ సంఖ్యలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేరుస్తుంది. సార్ట్ అంటే ఎస్, ఓ, ఆర్, టీ. కట్ -ఎఫ్2- సంఖ్యను కత్తిరించి మిగతాది ఉంచుతుంది. కట్ అంటే సీ, యూ, టీ. ఎఫ్ తర్వాత 2 అంకె, ఆ వెంటనే అడ్డగీత. ఇందులో సార్ట్‌కు ఒక మంచి గుణముంది, చివరి వరుసకు ఎంటర్ లేకపోతే తానే చేర్చుకుంటుంది. నేరేడు, పనస వేర్వేరుగానే వస్తాయి. సంఖ్యలు వేయడానికి ‘ఎన్ఎల్’ అనే ఆజ్ఞ కూడా ఉంది గానీ, అది మామూలుగా ఖాళీ వరుసలకు సంఖ్య వేయదు. ఖాళీ వరుసలు తప్పుకుపోతాయి. అందుకే క్యాట్ -ఎన్.

మొన్న ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి ఇంత అవసరమా సార్, ఒక్క ‘సార్ట్ -ఆర్’ కొడితే తిరగబడదా అన్నాడు. తిరగబడదు నాయనా. అది అకారాది క్రమాన్ని తలకిందులు చేస్తుంది, ఫైలులో ఉన్న వరుసను కాదు. సంఖ్యలు వేయకుండా సార్ట్‌కు ఇస్తే ఎవరు ముందు వచ్చారో ఎవరు వెనక వచ్చారో ఇక ఎవరికీ తెలియదు.

సెడ్ అనే ఆజ్ఞతో, ఆక్‌తో కూడా ఇదే పని చేయొచ్చు. ఆక్ పేరు దాన్ని రాసిన అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. అది వరుసలన్నిటినీ గుర్తుపెట్టుకుని చివరినుంచి అప్పజెబుతుంది. పై తరగతులవాళ్ళు వచ్చి అడిగితే చూపిస్తాను, ఇక్కడ అవసరం లేదు.

ఆపిల్ మ్యాక్ వాడేవారికి టాక్ మామూలుగా ఉండదు. అక్కడ ‘టెయిల్ -ఆర్ ప్రకటనలు’ అంటే అదే ఫలితం. లినక్స్‌లోని టెయిల్‌కు ఈ -ఆర్ తెలియదు, తప్పు అని చెబుతుంది. పైన చెప్పిన మూడు పనుల పద్ధతి రెండుచోట్లా నడుస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో టాక్ లేదు. విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు, డబ్ల్యూఎస్ఎల్, వేసుకుంటే ఇవన్నీ వస్తాయి.

ఒక్క వరుసలో ఇమడని ప్రకటనల సంగతి మిగిలింది. మూడు వరుసల ప్రకటనను టాక్ తిరగేస్తే దాని సంతకం పైకి, తేదీ కిందికి పోతాయి. చదవలేం. దీనికి టాక్‌కు 10 బదులు వేరే గుర్తు చెప్పవచ్చు. ప్రతి ప్రకటనకు పైన ఒక వరుసలో @@@ అని పెట్టుకుని:

టాక్ -బీ -ఎస్ '@@@' ప్రకటనలు

-ఎస్ తర్వాత ఉన్నది మనం చెప్పే గుర్తు. -బీ అంటే ఆ గుర్తు ముక్కకు ముందు ఉందని. ఇప్పుడు ప్రకటనలు తిరగబడతాయి, ఒక్కొక్క ప్రకటన లోపలి వరుసలు మాత్రం ఉన్నట్టే ఉంటాయి. మొదట్లో నేను @@@ బదులు ‘తేదీ:’ అనే మాటనే గుర్తుగా పెట్టాను, ప్రతి ప్రకటనా దాంతోనే మొదలవుతుంది కదా అని. ‘చివరి తేదీ:’ అని మధ్యలో వచ్చిన ప్రతిచోటా టాక్ నరికేసింది. ‘చివరి’ ఒకచోట, ‘తేదీ:’ ఇంకోచోట. అందుకని మాటల్లో ఎక్కడా రాని గుర్తునే ఎంచుకోండి. చివర ఎంటర్ ఉండాలన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ఈ ఏడాది ఉపకారవేతనం పట్టికను కొత్తవి పైన వచ్చేలా ఆఫీసు బయట అంటించాం. ప్రతి పేరు పక్కన క్రమసంఖ్య ఉంది. అడుగున మొత్తం ఎందరో దరఖాస్తు కాగితాలు చేత్తో లెక్కపెట్టి ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాను. మీ పిల్లల పేరు, తరగతి రెండూ చూసుకోండి. ఒకటి ఉండి ఒకటి తప్పయినా, గడువుదాకా ఆగకుండా నేరుగా నా గదికి వచ్చి చెప్పండి.